ఏడు కిలోల జత

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి టైమాఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ణి. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. బాయి దిగేవాళ్ళ హాజరు రాసుకోవడం నా పని. ఆఫీసు గోడకు ఒక కిటికీ ఉండేది. షిఫ్టు మొదలయ్యే ముందు ఆ కిటికీలోంచి చేతులు లోపలికి వస్తూనే ఉండేవి, నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళలు పట్టుకుని. ఎక్కువగా ఫిల్లర్ల చేతులు. లోపల తట్టలతో బొగ్గెత్తి పట్టాల మీది టబ్బులు నింపేది వాళ్ళే. వాళ్ళ మణికట్టు నా మోచేతికన్నా లావు. బిళ్ళ అందుకోవడానికి నేను చెయ్యి చాపినప్పుడల్లా నా చెయ్యి వాళ్ళ చేతి పక్కన కనిపించేది. అందుకని ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. పెళ్ళయి ఆరు నెలలు. మంథని అవతలి పల్లె నుంచి వచ్చిన మా ఆవిడ రెండు బిందెల నీళ్ళు, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని నల్లా నుంచి క్వార్టరు దాకా మాట్లాడుకుంటూ వచ్చేది. నేను ఒక్క బిందె ఎత్తితే దారి పొడుగునా నీళ్ళు ఒలికేవి.

ఇదంతా నాలో నేను ఓర్చుకోగలిగిందే. ఓర్చుకోలేనిది ఒక రోజు ఆఫీసులో జరిగింది. పాత రిజిస్టర్లు నింపిన ఒక ఇనుప పెట్టెను లోపలి గదిలోంచి వరండాలోకి తేవాల్సి వచ్చింది. పెద్ద గుమస్తా నా వైపు చూశాడు. నేను పెట్టె ఒక చెవి పట్టుకుని లాగాను. కదల్లేదు. రెండు చేతులతో ఎత్తబోయాను. మెడ నరాలు పొంగాయిగానీ పెట్టె నేల విడవలేదు. కిటికీ అవతల ఫిల్లర్లు నిలబడి చూస్తున్నారు.

మా ఆఫీసు ఊడ్చి, వరండా కడిగే ఆమె అప్పుడు చీపురు గోడకు ఆనించి వచ్చింది. అందరం ఆమెను అవ్వ అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. ఆమె పెనిమిటి చాలా ఏళ్ళ కిందట బాయిలో కప్పు కూలి చనిపోతే కంపెనీ ఆమెకు ఆ పని ఇచ్చింది.

"జరుగు బిడ్డా" అని నన్ను పక్కకు జరిపి, ఒక చెవి పట్టుకుని పెట్టెను అంగుళం లేపి, కాలితో తోస్తూ గడప దాటించింది. ఆమె నన్ను తక్కువ చెయ్యాలని చేయలేదు. పని కావాలి, చేసింది. కిటికీ అవతల ఎవరో నవ్వి, "సారు కలం మోసుడే ఎక్కువ" అన్నారు. అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వే నా మనసులో దిగబడిపోయింది.

ఆ ఆదివారం ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ అయ్యాక బజారు వెనక ఒక రేకుల షెడ్డులో తాలీం నడిపేవాడు. ఫిల్లర్లు చాలామంది అక్కడికొచ్చి దండీలు తీసేవాళ్ళు, గదలు తిప్పేవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఇంకా ఎవరూ రాలేదు. అది చూసుకునే వెళ్ళాను.

"ఇంట్ల చేసుకుంట ఉస్తాద్. డంబెల్సు కొందామనుకుంటున్న. ఎసొంటియి తీస్కోవాలె?"

"ఇంట్ల ఎందుకు బేటా? ఈడికే రా" అన్నాడు.

నేను నేల చూశాను. ఆ ఫిల్లర్ల ముందు చొక్కా విప్పడం నా వల్ల కాదని ఆయనకు అర్థమైనట్టుంది. ఇంకేం అడగలేదు. పక్క కిరాణా దుకాణం నుంచి రెండు కిలోల తూకం బాటు తెప్పించి నా చేతిలో పెట్టాడు.

"జల్ది చెయ్యకు. మోచెయ్యి నడుముకు ఆనిచ్చి, పైకి తేవాలె, మల్ల మెల్లగ దించాలె. నేను లెక్క పెడుత."

ఎనిమిది దాకా బాగానే ఉంది. పదికి చెయ్యి వణికింది. పన్నెండు ఎలాగో పూర్తి చేశాను.

"గిదే నీ వజన్" అన్నాడు ఉస్తాద్. "రెండు కిలోలు. మూడు నెలలు దీంతోనే చెయ్యి. పన్నెండు ఆరామ్‌గ అయితున్నయంటే అప్పుడు మూడుకు పో. కొత్తయి కొనకు, మెరుగు పెట్టినందుకే పైసలు గుంజుతరు. మంచిర్యాల స్టేషన్ దగ్గర పాత ఇనుము దుకాణముంటది. బీడు ఇనుముది చాలు నీకు. రెండూ త్రాసుల పెట్టి చూడు, ఒక్కటే తూకముండాలె. లేకుంటే ఒక బుజం ఎక్కువైతది, ఒకటి తక్కువైతది. కడ్డీ పట్టుకుంటె వేళ్ళు మలిసి బొటనవేలును తాకాలె. తుప్పు పొక్కులుంటే అరచేతి తోలు లేస్తది. గంతే."

ఇంత వివరంగా, ఇంత ప్రేమగా ఎవరు చెప్తారు? నేను ఆ మాటలన్నీ ఒక చిట్టీ మీద రాసుకున్నాను కూడా.

తరువాతి ఆదివారం రామగుండంలో పాసింజరు ఎక్కి మంచిర్యాల వెళ్ళాను. పాత ఇనుము దుకాణంలో మంచం కోళ్ళు, సైకిలు చక్రాలు, తాళం లేని గొలుసుల మధ్య రెండే రెండు జతలున్నాయి. ఒక జతలో ఒక్కోటి రెండు కిలోలు. ఇంకొక జతలో ఒక్కోటి ఏడు కిలోలు. ఎవరో పహిల్వాన్ అమ్ముకున్నవట. నేను చిట్టీ తీసి చూసుకున్నాను. చిన్న జతను త్రాసులో పెట్టించాను. ముల్లు నడుమనే నిలిచింది. పట్టుకుంటే వేళ్ళు బొటనవేలును తాకాయి. కడ్డీ నున్నగా ఉంది. ఉస్తాద్ చెప్పిన వస్తువు అదే, నాకోసం ఎవరో దాచిపెట్టినట్టు. చవక కూడా. దుకాణదారుతో మాట అయిపోయింది. ఒకదాన్ని గోనెగుడ్డలో చుడుతున్నాడు, రెండోది ఇంకా నా చేతిలోనే ఉంది.

"సారూ, మీరు ఈడున్నరా?"

వెనక్కి తిరిగాను. మా బాయి ఫిల్లరే. నా ఈడువాడు. సైకిలు చైను కోసం వచ్చాడు. రోజూ కిటికీలోంచి బిళ్ళ ఇచ్చే చేతుల్లో అతనిదే అన్నిటికన్నా పెద్దది. నా చేతిలోని డంబెల్ చూశాడు.

"ఇంట్ల చిన్న పిల్లలకా సారూ? మంచిగున్నయి. మా తమ్మునికి గూడ గిసొంటియే తీస్కోవాలె."

వెక్కిరింత కాదది. ఇప్పటికీ ఆ మాట ఆ గొంతులో నాకు వినబడుతుంది. అందులో వెక్కిరింత లేదు. నిజంగానే అడిగాడు. అవును, నాకే, అంటే సరిపోయేది. అతను తల ఊపి చైను చూసుకునేవాడు.

"ఆఁ, మా అక్క కొడుకు అడిగిండు" అన్నాను. "కని అవి వద్దులే. నాకు గావి తీస్కుంటున్న." నా వేలు ఏడు కిలోల జత వైపు చూపించింది.

దుకాణదారు నన్నొకసారి చూసి, చిన్న జతను పక్కన పెట్టి, పెద్ద జతను చుట్టాడు. ఇనుమంతా తూకం లెక్కన అమ్మేవాడు కాబట్టి జేబు ఖాళీ అయింది. ఉస్తాద్ చెప్పిన పరీక్షల్లో ఒక్కటీ దాని మీద చేయలేదు. కడ్డీ లావుగా ఉంది, నా వేళ్ళు మలవడం లేదని స్టేషన్లో తెలిసింది. ఆ మూట మోయలేక నేను రెండుసార్లు నేల మీద పెట్టేసరికి, అదే బండికి వస్తున్న ఆ ఫిల్లరు, "ఇటియ్యండి సారూ" అని తీసుకుని భుజాన వేసుకున్నాడు. రామగుండంలో దిగి రిక్షా ఎక్కించేదాకా అతనే మోశాడు. దారంతా తమ్ముడి చదువు సంగతే చెప్పాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

మా ఆవిడ వాటిని చూసి, "ఇంత బరువున్నయేంది?" అంది. మంచం కింద ఊడ్చేటప్పుడు రోజూ వాటిని ఒక్కో చేత్తో ఒకటి పక్కకు జరిపేది. నేను చూడనట్టు ఉండేవాణ్ణి.

పొద్దున్నే లేచి, తలుపు దగ్గరికి వేసుకుని, మొదలుపెట్టేవాణ్ణి. మెల్లగా పైకి తేవడం కాదుగదా, నడుము విసిరితేగానీ అది లేచేది కాదు. రెండు చేతులతో ఒకటి ఎత్తడం, దించడం. మణికట్టు నొప్పి పుట్టింది. గుడ్డ చుట్టుకుని చేశాను. ఉస్తాద్ బజారులో కనబడి, "ఎట్లున్నది?" అని అడిగితే "మంచిగున్నది ఉస్తాద్, రెండు కిలోలవే" అన్నాను. ఒక అబద్ధం తరువాత ఇంకొకటి ఇంత తేలిగ్గా వస్తుందని నాకప్పటిదాకా తెలీదు.

పదిహేను రోజులకు ఒక పొద్దున, ఒంటిచేత్తో ఎత్తబోయాను. భుజం దాకా వచ్చింది. వేళ్ళు జారాయి. అది నా కుడికాలి బొటనవేలి మీద పడింది.

మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి దాన్ని తీసింది. గోరు నల్లబడి, వేలు ఉబ్బుతోంది. "దవాఖానకు పోదాం పా" అంది. "ఏమని చెప్పాలె అక్కడ?" అన్నాను. దవాఖాన కంపెనీదే. అక్కడ చెబితే మధ్యాహ్నానికి బాయంతా తెలుస్తుంది. చన్నీళ్ళు పోసుకుని, చెప్పులో కాలు దూర్చి, కుంటుకుంటూ డ్యూటీకి వెళ్ళాను.

ఆఫీసు మెట్లెక్కి వరండాలో కాలు పెట్టేసరికి ఇక నడవలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. అప్పుడే అవ్వ వరండా కడిగి బకెట్టు తీసుకుపోతోంది. పెద్ద గుమస్తా బయటికొచ్చాడు. కిటికీ దగ్గరి నుంచి ఫిల్లర్లు తలలు తిప్పారు.

"ఏమైందయ్యా?"

"జారిన" అన్నాను.

ఒక్క మాట. తరువాతిదంతా వాళ్ళే కట్టుకున్నారు. పెద్ద గుమస్తా నేల చూశాడు. "గచ్చు మీద నీళ్ళు ఇడిసిపెట్టి పోతవా?" అని అవ్వను కేకలేశాడు. అవ్వ బకెట్టు కింద పెట్టి, నా కాలు చూసి, "అయ్యో బిడ్డా" అంది. కొంగు తడిపి వేలికి కట్టబోయింది. నేను కాలు వెనక్కి లాక్కున్నాను.

దవాఖానలో డాక్టరు వేలు నొక్కి చూసి, ఎముక చిట్లిందన్నాడు. "జారితే ఇట్లా నలగదే. మెట్టు తగిలిందా?" అని అడిగాడు. తగిలిందన్నాను. డ్యూటీలో దెబ్బ అని రాశాడు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఒక కాగితం ఇంటికొచ్చింది. తడి వరండాలో జారిపడ్డానని అందులో ముందే రాసి ఉంది. నేను సంతకం పెట్టాను. మూడు వారాలు జీతంతో సెలవు.

రెండో వారంలో మా ఆవిడ నల్లా దగ్గరి నుంచి వచ్చి బిందెలు దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడింది.

"అవ్వకు మెమో ఇచ్చిండ్రట. మీ ఆఫీసు నుంచి తీసి ఏటి ఒడ్డు బాయికి ఏసిండ్రట. ఇంటికాడ నుంచి మూడు మైళ్ళు. పొద్దుగాల నడిసి పోతున్నది."

నేను కట్టు కట్టిన కాలు చూసుకున్నాను.

"ఆమె ఏం జేసింది?" అంది. బిందెలెత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజు నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కాలికి కట్టు మార్చేది. మంచం కింద ఊడ్చేటప్పుడు మాత్రం వాటిని జరపకుండా చుట్టూ ఊడ్చి వదిలేసేది.

సెలవు అయిపోయిన రోజే మేనేజరు గదికి వెళ్ళాను. దారిలో మాటలన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆయన కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు.

"సార్, ఆ ఊడ్చే అవ్వ తప్పు లేదు సార్. ఆమెను మళ్ళీ ఇక్కడికి తీసుకోవాలె" అన్నాను.

"తప్పు లేకపోవడమేమిటి? నువ్వే రాసిచ్చావు కదయ్యా, నీళ్ళ మీద జారానని. అది అబద్ధమా?"

ఆయన కోపంగా అడగలేదు. కాగితాల మీంచి తల ఎత్తి మామూలుగానే అడిగాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. నా నాలుక మీద డంబెల్ అనే మాట ఉంది. ఆ మాట ఈ గదిలో అంటే రేపు కిటికీ అవతల ఎలా వినబడుతుందో ఊహించుకున్నాను.

"అబద్ధం కాదు సార్. నేనే చూసుకోకుండా నడిచిన. ముసలామె, పాపం..."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "దెబ్బ తగిలినవాడివి నువ్వు. అయినా ఆవిడ కోసం వచ్చావు. మంచి మనసయ్యా నీది. ఆర్డరు అయిపోయింది, ఇప్పుడు మార్చడం కుదరదు. వెళ్ళు."

ఆ మాట ఆయన పెద్ద గుమస్తాకు చెప్పాడు. పెద్ద గుమస్తా అందరికీ చెప్పాడు. కిటికీలోంచి బిళ్ళ ఇస్తూ ఒకాయన, "అవ్వ కోసం కొట్లాడినరట కద సారూ" అన్నాడు. నేను తల వంచుకుని నంబరు రాసుకున్నాను. నా జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఆ మెచ్చుకోలు అంత దెబ్బ ఏదీ కొట్టలేదు.

వానలు వెనుకబట్టాక ఒక ఆదివారం మధ్యాహ్నం అవ్వ మా క్వార్టరుకు వచ్చింది. చిన్న గంపలో సీతాఫలాలు. గడప అవతలే కూర్చుంది.

"నా కొరకు పెద్దసారు కాడికి పోయినవంట బిడ్డా. గంత దూరం నడిసి నడిసి ఒక్కనాడన్న వచ్చి చెప్పిపోదామనుకున్న, ఇయ్యాల కుదిరింది. నీ కాలెట్లున్నది?"

మా ఆవిడ ఆమెకు నీళ్ళ చెంబు ఇచ్చి, తలుపుకు ఆనుకుని నిలబడి నన్ను చూసింది. చెప్పమని కళ్ళతో కూడా అనలేదు. ఊరికే చూసింది.

నేను లోపలికెళ్ళి ఒక డంబెల్ తెచ్చి అవ్వ ముందు పెట్టాను. నేనూ కింద కూర్చున్నాను.

"అవ్వా, నేను వరండల జారలే. గిది పడ్డది కాలి మీద. ఇంట్లనే. చెప్పుకునేటందుకు సిగ్గయి గట్ల చెప్పిన."

ఆమె ఆ ఇనుమును తాకి చూసింది. తరువాత మెల్లగా అంది:

"ఆనాడు నేను గచ్చు రెండుసార్లు తుడిసిన బిడ్డా, పొడిబట్ట తోని. దినాం తుడుస్త. మరి నీళ్ళెక్కడియి, ఈ పిల్లగాడు ఎట్ల జారిండు అని గదే మనసుల మెసిలేది. కండ్లు కనవడుత లెవ్వా, మతి పోతున్నదా అనుకున్న. దవాఖానకు పోయి కండ్లు గూడ సూపిచ్చుకున్న."

ఆమెను అంత దూరం నడిపించడమే నా పాపం అనుకున్నాను అప్పటిదాకా. ఆమె తన కళ్ళను తనే నమ్మకుండా రెండు నెలలు బతికిందని నాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి కూడా హక్కు లేదనిపించి ఆపుకున్నాను.

"తప్పయింది అవ్వా."

"నాకు చెప్తె ఏమొస్తది? నన్ను తిట్టినోళ్ళకు చెప్పు" అంది. లేచి, గంపలోని పండ్లు మా ఆవిడ చేతిలో ఉన్న పళ్ళెంలో పోసి, ఖాళీ గంప తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు జరిగిందంతా ఒక కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన నిలబడే చదివాడు. ఈసారి నవ్వలేదు. "నేను నిన్ను అందరి ముందూ మెచ్చుకున్నానయ్యా" అన్నాడంతే. నాకు మెమో వచ్చింది. ఆ మూడు వారాల సెలవు జీతం లేని సెలవుగా మారింది. అవ్వ మీద ఉన్న మెమో రద్దయింది.

కిటికీ దగ్గర నేను భయపడినంత నవ్వు ఏమీ రాలేదు. రెండు రోజులు గుసగుసలాడుకున్నారు, అంతే. మంచిర్యాలలో నా మూట మోసిన ఫిల్లరు మాత్రం బిళ్ళ ఇచ్చి అక్కడే ఆగాడు.

"సారూ, నేను పిల్లలకా అన్నందుకు గవి కొన్నరా?"

కాదని అనబోయాను. కానీ ఇక చాలనిపించింది. "అవును, గందుకే కొన్న" అన్నాను.

"నాకెర్కలేక అన్న సారూ. మా తాలీంల అందరం రెండు కిలోల తోనే షురూ జేసినం" అన్నాడు. వెనకున్నవాళ్ళు తోస్తుంటే వెళ్ళిపోయాడు.

అవ్వను మళ్ళీ మా ఆఫీసుకు రమ్మన్నారు. ఆమె రానంది. నేను అడగడానికి ఏటి ఒడ్డు బాయికి నడిచి వెళ్ళాను. మూడు మైళ్ళు. నా వేలు అప్పటికీ పూర్తిగా మానలేదు, సగం దూరం కుంటుకుంటూ నడిచాను. ఆమె, బాయి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంపు రూము ముందు ఊడుస్తోంది.

"ఈడ నన్ను ఎవ్వలు ఒక్క మాట అనలే" అంది చీపురు ఆపకుండా. "ఆడికొస్తే ఆ గచ్చు కడిగినప్పుడల్ల ఎన్కకు తిరిగి సూస్కోవాలె. నాకెందుకు బిడ్డా."

నేను రోజూ సైకిలు మీద దింపుతానన్నాను. వద్దంది. ఉద్యోగం చివరిదాకా అక్కడే చేసింది, అంతదూరమూ నడిచే వెళ్ళింది. వానాకాలంలో ఆ దారి ఎలా ఉంటుందో నాకు తెలుసు. వానొచ్చిన ప్రతి పొద్దునా, కిటికీ ముందు పొడిగా కూర్చుని, ఇప్పుడెక్కడిదాకా వెళ్ళి ఉంటుందో అనుకునేవాణ్ణి.

ఉస్తాద్‌కు కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. పెద్ద జతను తాలీంలో పెట్టించి, అక్కడి రెండు కిలోల జతను నాకిచ్చి, అందరి మధ్యా నిలబెట్టి లెక్క పెట్టాడు. నా చేతులు ఎప్పుడూ పెద్దగా లావెక్కలేదు. బిందె ఒలకకుండా తేగలిగాను, అంతే.

రెండేళ్ళ తరువాత అనుకుంటాను, అవ్వ ఒక రోజు మా ఇంటికి ఒక దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఆమె మనవరాలిని బడి హాస్టల్లో చేర్చడానికి. ఊళ్ళో రాసిచ్చేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. అయినా నా దగ్గరికే ఎందుకు వచ్చిందో నేను అడగలేదు. తండ్రి పేరు, ఊరు, ఆమె చెప్పినవన్నీ రాశాను. పైన రాసినవన్నీ నిజమేనని తెలిసినవాళ్ళొకరు కింద సంతకం పెట్టాలని ఉంది.

"నువ్వే పెట్టు" అంది.

కలం కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయాను. ఆమె నా చేతి వైపు చూస్తోందని తెలుస్తోంది. తల ఎత్తలేకపోయాను.

"పెట్టు బిడ్డా, బస్సుకు యాళ్ళయితున్నది" అంది. పెట్టాను.